తారీకు లేని కాయితం

యార్డులో కొత్త సరుకు దిగే రోజుల్లో
గుంటూరంతా ఒకటే తుమ్ము.
ఏటుకూరు రోడ్డు దాకా ఘాటు,
ఆటోలో పక్కామె కొంగు ముక్కుకి, నా మాస్కు పైకి.
ఐసీయూ తలుపు మూసుకున్నాక మాత్రం
ఏ కాలమో తెలియదు.
అక్కడ రోహిణీ కార్తెలోనూ ఇరవై రెండు డిగ్రీలే.

పద్నాలుగు నెలలు.
ఎన్ని ముఖాలు తుడిచానో, ఎన్ని కళ్ళ మీద తడి గాజుగుడ్డ వేశానో,
గొంతు విన్నది మాత్రం వేళ్ళ మీద లెక్క.
నోట్లో గొట్టం ఉన్న మనిషి ఏం చెబుతాడు?
తేరుకుంటే వార్డుకి పంపేస్తాం.
తేరుకోకపోతే సంతకాలు పెట్టించుకుంటాం.

కింద అంతస్తులో, డయాలసిస్‌లో ఖాళీ ఉందట.
అక్కడికి వారానికి మూడుసార్లు అదే మనుషులు వస్తారు.
కరెంటు బిల్లుని, అల్లుడి బండిని, ఉప్పులేని పప్పుని
నాలుగేసి గంటలు తిడతారు.
నాకు ఆ తిట్లు వినాలని ఉంది.
ఇది చెబితే హాస్టల్లో సలోమి పడీ పడీ నవ్వింది.
"ఐసీయూ అంటే గల్ఫ్‌వాళ్ళు ఎగరేసుకుపోతారే,
రెండేళ్ళు పళ్ళు బిగబట్టు."
సర్టిఫికెట్లు ఎట్లాగూ ఆఫీసు బీరువాలో ఉన్నాయి
బాండు తీరేదాకా.

నాలుగో నెలలో ఒకసారి రాశాను మార్పు కాయితం.
ఆ రాత్రి పంపు మీద ఒక సున్నా ఎక్కువ నొక్కి,
నొక్కిన వేలితోనే ఆపేశాను.
ఎవరికీ ఏమీ కాలేదు,
నాకు తప్ప.
తెల్లారి సువార్తమ్మగారి బల్ల మీద పెడితే
కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి
"తారీకు లేదే" అంది.
వేస్తానన్నాను.
"వద్దులే. ఇది నీ భయం రాసింది.
నువ్వు రాసినప్పుడు తీసుకురా."
చింపలేదు. సొరుగులో పడేసి
మూడో బెడ్డుకి సక్షన్ చెయ్యమంది.

అప్పట్నించి ప్రతి జీతం రోజూ నన్ను నేనే అడిగాను,
ఇప్పుడు రాస్తే ఎవరు రాసినట్టు?
నరం ఒక్క పోటుకే దొరికిన రోజు
వెళ్ళాలనిపించేది కాదు.
దొరకని రోజు అనిపించేది, అది లెక్కలోకి రాదు.
చేతులకి ఇప్పుడిప్పుడే పని వచ్చింది,
మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలా వీటిని?

ప్రత్తిపాడులో అమ్మ కూలికి మిరప తొడిమలు తీస్తుంది.
ఫోన్లో అడిగాను, నారు ఎప్పుడు పీకి నాటాలని.
"నలభై రోజులకి. లేతదైతే వాడిపోద్ది, ముదిరితే పట్టుకోదు.
ఆకు చూసి పీకకూడదు, వేరు చూడాల.
అయినా నారు సంగతి మీ నాన్ననడుగు, నాకు తొడిమలే తెలుసు.
ఎందుకు? అన్నం తిన్నావా?"

నిన్న డ్యూటీ ఎక్కగానే నాగుల్‌మీరా గొట్టం తీశాం.
యార్డు హమాలీ. బస్తాల వరస కూలి మీద పడింది.
పదకొండు రోజులు
అతని ఊపిరి మిషను పోసింది, మిషనుకి నేను కాపలా.
దగ్గి, దగ్గి, కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారాక
బొంగురుగా మొదటి మాట:
"ఇయ్యాల యార్డు ఉందా?"
ఆదివారం, సెలవన్నాను.
"అమ్మయ్య. కూలి పోలా."
పదకొండు రోజుల సంగతి
చెప్పబుద్ధి కాలేదు.

చెయ్యి వణకడం లేదు.
నరం దొరికింది, మనిషీ దక్కాడు.
అయినా వెళ్ళాలనే ఉంది.

తెల్లవారుజాము రెండున్నరకి
చార్టు వెనక కాదు, తెల్లటి కాయితం మీద
ముందుగా తారీకు వేశాను.

సువార్తమ్మగారు సొరుగు లాగి పాతది వెతికింది.
రెండూ పక్కపక్కన పెట్టి
"అక్షరం బాగుపడింది" అంది.
ఎప్పుడు పంపుతారమ్మా అంటే,
"కొత్త పిల్లకి నీ బెడ్లు నేర్పినాక"
అని పాతదాన్ని నాకే ఇచ్చేసింది.

మడిచి జేబులో పెట్టుకుని బయటికొస్తే
గేటు దగ్గరే
తుమ్మొచ్చింది.