బోలు రొట్టె

గుణుపురంలో ఈస్టు పొట్లం దొరకదని కాదు,
మా అత్తకి దాని మీద నమ్మకం లేదు.
జీలుగు కల్లు అరగ్లాసు తెప్పిస్తుంది.
పాస్టరుగారికి చెప్పొద్దంటుంది.
పాస్టరుగారింటి పిండిలోకీ
ఆ సీసాలోంచే వెళ్తుంది.

శనివారం. వంశధార మోకాళ్ల లోతుకి దిగిపోయింది.
సమాధులకి సున్నం వేసొచ్చిన బకెట్
పెరట్లో బోర్లించి ఉంది.
ఏలీషా మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు,
కడగనివ్వడు,
దేవదూతట.

పిండి పొంగేలోగా ఆట.
మంచం కింద గుహ, నా పాత చీర దానికి తెర.
ద్వారానికి రాయి కావాలని
రుబ్బురోలు పొత్రాన్ని దొర్లించుకొచ్చింది నిరీక్షణ.
గచ్చు మీద గీత పడింది,
నేను చూడనట్టు ఉండిపోయాను.
యేసు ఎవర్రా అంటే ఒక్కరూ పలకలేదు,
కదలకుండా పడుకోవాలి కదా.
సైనికుడు వద్దు, పేతురు అసలే వద్దు.
భూకంపం నేనంటే నేనని
వీడూ పక్కింటి ప్రబోధూ జుట్లు పట్టుకున్నారు.
చివరికి యేసుగా దిండుని పడుకోబెట్టాం.
భూకంపాలు రెండొచ్చాయి.
దిండు పిగిలి
బూరుగు దూది కొంత ముందే లేచిపోయింది.

అత్త కేకేసింది, చేతులు కడుక్కుని రమ్మని.
పిండిముద్ద అరచేతిలో పరిచి
నడుమ ఉసిరికాయంత బెల్లం పెట్టింది.
"ఇది ఆయన."
అంచులు లాగి, నొక్కి, గుండ్రంగా మూసింది.
"ఇది కొండ."
కిస్మిస్‌కి బదులు పైన ఎండు ఇప్పపువ్వు గుచ్చింది.
"ఇదేటి మామ్మా?"
"తోటన్నాక ఏదో ఒక పువ్వుంటాది గదరా."

అడుగున ఇసక పోసిన డేగిసా,
మూత మీద నిప్పులు.
పొడొపిఠా కాల్చే పద్ధతే,
కాశీనగర్ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.
మూత తీసి చూస్తానని వాడు మూడుసార్లొచ్చాడు,
మూడుసార్లూ గరిటె చూపించింది.
నిరుడైతే ఈ వేళకి
మామయ్య పెరట్లో నిప్పులు విసురుతూ
ఎవరూ అడగని కథ చెబుతుండేవాడు.

తెల్లారగట్ల నాలుగింటికి శ్మశానం.
కొండవాలంతా కొవ్వొత్తులు,
గాలికి ఆరినవాటిని
పక్క సమాధి వాళ్లు వెలిగిస్తున్నారు.
అటువైపు చెట్ల కింద ఇప్పపూలు ఏరుతున్న ఆడవాళ్లు
మా పాట అయ్యేదాకా నిలబడి
మళ్లీ వంగారు.

అప్పుడు రొట్టెలు విరిచాం.
"లేడు! లేడు!" అని నిరీక్షణ అరిచింది,
నలుగురూ తిరిగి చూసేలా.
ప్రబోధు రొట్టెకి అడుగున చిల్లి పడింది,
బెల్లం కారి ఇసకలో మాడిపోయింది.
మావాడు దొడ్డిదారిన వెళ్లిపోయాడన్నాడు వాడు.

ఏలీషా ఏమీ అనలేదు.
విరిచిన రొట్టె పట్టుకుని
తాత దగ్గరికి వెళ్లాడు.
జనవరిలో కట్టిన సిమెంటు,
తెలుగు రాని మేస్త్రి చెక్కిన పేరు,
ఒక కొమ్ము ఎక్కువ పడింది.
తడి ఆరని సున్నానికి చెవి ఆనించాడు.
"మామ్మా, తాత కూడా కరిగిపోయాడా?"

నా నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది.
ఆదివారం బడిలో పన్నెండేళ్లుగా చెబుతున్నాను,
ఫ్లానెల్ బోర్డు మీద రాయిని
ఎన్నిసార్లు పక్కకి జరిపానో.

అత్త కూర్చుంది, మోకాళ్లు పట్టుకుని, నెమ్మదిగా.
వాడి రొట్టె బోలులో వేలు పెట్టి తిప్పి
ఆ వేలు వాడి నోట్లో పెట్టింది.
"గుడొ కుఆడె గలా రే?"
గొంతు పట్టేస్తే ఆవిడకి ఒడియానే వస్తుంది.
వాడు చప్పరిస్తూ తెలుగులో చెప్పాడు:
"బెల్లం ఎక్కడికీ పోలేదు,
గోడలకి అంటుకుపోయింది."

అత్త తలూపిందో, చలికి వణికిందో.
కొంగుతో వాడి చెవికంటిన సున్నం తుడిచింది.

దిగొచ్చేటప్పుడు దారిలో అన్నాడు,
వచ్చే ఏడు యేసు వేషం నాదే అని.
కదలకుండా పడుకోవాలిరా, నీ వల్ల కాదు అన్నాను.
"ఎలాగో తాతని అడుగుతాలే" అన్నాడు,
మిగిలిన రొట్టె కొరుకుతూ.