నుదుటి పట్టీ

తూంగ్‌సూంగ్ బస్తీలో వాన రేకుల మీద దంచుతుంటే
ఉర్కెన్ నా ఒళ్లో తల పెట్టుకుని పడుకునేవాడు.
చీకట్లో అతని నుదురు తడిమేదాన్ని.
బరువు పట్టీ ఒరిసి ఒరిసి
అడ్డంగా ఒక గాడి,
కంచరగాడిదలు నడిచిన దారంత నున్నగా.

పుట్టిన ఆరో రాత్రి భావి వచ్చి
నుదుట రాసి పోతుందని
కింది గది నేపాలీ ముసలమ్మ అనేది.
"నీ రాత అరిగిపోయిందయ్యా" అన్నాను ఒకసారి.
"పోనీలే, నాకు చదువెటూ రాదు" అన్నాడు.

ఆ ఏడు లోసార్ వెళ్లిన వారానికే
దొరలు హోటల్ వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నారు.
డాక్టరు ఛాతీకి చెవి ఆనించాడు.
గుమాస్తా బొటనవేలు సిరాలో ముంచి
పుస్తకంలో ఒత్తించాడు.
మెడలో బిళ్ల: ముప్ఫై ఎనిమిది.
రోజుకి పన్నెండణాలు, ఒక దుప్పటి, ఒక జత బూట్లు.
ఆ బూట్లని మంచు దాకా మెడలో వేసుకునే నడిచాడట,
అరిగిపోతాయని.

తిరిగొచ్చాక అందరూ శిఖరం గురించే అడిగారు.
అతను చెప్పింది వేరే.
డబ్బాల్లో పాలు గడ్డకట్టి గులకరాళ్లలా మోగేవని,
పై గుడారంలో గడ్డం దొర నిద్రలో అమ్మని పిలిచేవాడని,
చొక్కా ఎత్తి, ఆయన పాదాలు రెండూ
రాత్రంతా పొట్టకి ఆనించుకున్నానని.
"చచ్చిన చేపల్లా ఉన్నాయే యాంగ్జిన్!"
తెల్లారేసరికి దొర కాలివేళ్లు కదిలాయి.
గుడారం ఎగిరిపోకుండా తాడు పట్టుకుని కూర్చున్న
ఇతని చేతులకే
ఏ పొట్టా దొరకలేదు.

జీతాల రోజున నేనూ వెళ్లాను.
గుమాస్తా తలెత్తకుండానే
"ముప్ఫై ఎనిమిది, వేలిముద్ర" అన్నాడు.
ఉర్కెన్ గుడ్డలు చుట్టిన చేతులు బల్ల మీద పెట్టాడు,
సంతలో ముల్లంగి పెట్టినట్టు.
కుడివైపు బొటనవేలు లేదు. ఎడమవైపూ లేదు.
సిరా బుడ్డి మూత తీసే ఉంది.
గుమాస్తా దొర వంక చూశాడు,
దొర కిటికీ వంక.
నా వేలు ముంచి నేనే ఒత్తాను.
ఆ పుస్తకం ఇప్పటికీ ఎక్కడైనా ఉంటే,
ఆ కొండకి మోసిన బరువుకి సాక్షి
ఉల్లిపాయలు తరిగి తెగిన నా బొటనవేలు.

వేళ్లకి లెక్కగట్టి ఇచ్చారు.
ఆ డబ్బుతో ఇనప పొయ్యి కొన్నాం, బాగానే మండుతుంది.
అతను రెండు అరచేతుల మధ్య గిన్నె పట్టుకుని
వెన్న టీ తాగడం నేర్చుకున్నాడు,
మొదట్లో సగం చొక్కాకే.

మళ్లీ లోసార్ వెళ్లింది.
చౌరస్తాలో దొరలు దిగారని కబురు.
పొద్దున లేచి చూద్దును కదా,
మేకుకున్న పట్టీ దింపి
మోకాలి కింద తొక్కిపెట్టి
అరచేత్తో వెన్న రాస్తున్నాడు.
నేను ఆ చేతుల వంకే చూస్తున్నాను.

"నుదుటికి వేళ్లతో ఏం పని?" అన్నాడు.