తెల్ల బ్యాక్‌గ్రౌండు

సిరొంచలో ఏప్రిల్ నెల పదకొండు గంటలకి
ప్రాణహితలో నీళ్ల కన్నా ఇసుకే ఎక్కువ మెరుస్తుంది.
కళ్లు చిట్లిస్తే తప్ప
అవతల ఒక ఒడ్డుందని నమ్మబుద్ధి కాదు.

నిరాధార్ పింఛను ఫారానికి ఫోటో కావాలని
బానయ్య స్టూడియోకి వచ్చాడు.
వెనక తెల్లగా ఉండాలని ఫారం మీదే రాసుంది.
తెల్ల గుడ్డ ముందు స్టూలు వేశాను, కూచోలేదు.
"ఈ గుడ్డ ఎవనిది? గంగ ముంగట దియ్."

నలభై ఏండ్లు పడవ నడిపిన మనిషి.
పెండ్లివాళ్లను, మేకలను, మిర్చి బస్తాలను దాటించాడు,
ఒకసారి మనిషి తోడు లేకుండా ఒక్క హార్మోనియంని.
వంతెన వచ్చాక పడవ బోర్లా పడుకుంది.
దాని వీపు మీద లస్మక్క ఇప్పపువ్వు ఎండబోస్తుంది.

ఆ పక్కనే నిలబెట్టాను.
వెనక ఎండ, ఇసుక, నీళ్లు, మళ్లీ ఎండ.
కెమెరా తెర మీద
నది పాయ పాయగా వచ్చింది.
బానయ్య మాత్రం మసిబొగ్గు.
చెవుల అంచున సన్నటి వెలుగు, అంతే.

"నా మొకమేది?"
"గంగ మింగింది" అన్నాను, నవ్వుతాడనుకుని.
నీళ్లలో మనుషుల్ని వెతికి తీసినవాడితో
అనకూడని మాట.

లస్మక్క పళ్లెంలో పువ్వు దులిపేసి
ఎండను అతని ముఖానికి మళ్లించింది.
కళ్లలో నీళ్లొచ్చి తిట్టాడు. ఆమె నవ్వింది.
పళ్లెం పక్కన పెట్టించి
ముఖానికే వెలుతురు కొలిచి నొక్కాను.

ఈసారి దొరికాడు.
గడ్డం మీద తెల్ల మొలకలు,
కనుబొమలో వెదురుగడ కొట్టిన గాటు,
ముడిచి ముడిచి అట్లే ఉండిపోయిన కళ్లు.
వెనక ఏమీ లేదు.
నీళ్లు లేవు, ఇసుక లేదు, ఆకాశం ఎక్కడ మొదలో లేదు.

"రెండూ రావా?"
"ఈ కెమెరాకి రావు."
"నా కంటికి వస్తున్నయి గద."
నా దగ్గర జవాబు లేదు, ప్రింటు తీశాను.

తహసీలు ఆఫీసులో గుమాస్తా
ఫోటోని గోటితో గీకి చూశాడు.
"పాంఢరా ఆహే. చాలేల్."
తెల్లగానే ఉంది, నడుస్తుంది.
గుండ్రటి ముద్ర సగం ఫారం మీద,
సగం బానయ్య భుజం దాటి ఆ తెలుపు మీద పడింది.

మెట్ల మీద కూచుని
మిగిలిన మూడు ఫోటోల్లో ఒకటి దగ్గరగా పెట్టుకుని
చాలాసేపు చూశాడు.
తర్వాత, ఏమీ లేని ఆ తెలుపులో
ఎడమ పక్క ఒకచోట వేలు ఆనించి,
"ఇగో, ఈడ లోతు" అన్నాడు.