ఎడమ వెనక

పాతపట్నం గేటు దాటేవరకూ బుద్ధిగానే ఉంటుంది.
మహేంద్రతనయ వంతెన మీద
ముప్పై దాటిందో లేదో మొదలు.
కీచ్. కీచ్. కీచ్.
చక్రం తిరిగినంతసేపూ ఒకటే మాట,
ఇచ్చిన బాకీ అడిగేవాడిలా.

వెనక సీట్లో జీడిపప్పు సేటు
"దండాసీ, ఇది కారా, ఎలకల బోనా?" అన్నాడు.
అంబాసిడరండీ, అన్నాను.
నా పెళ్ళికన్నా రెండేళ్ళు పెద్దది.

టెక్కలిలో బేరింగన్నారు, మార్చాను.
శ్రీకాకుళంలో బ్రేకు లైనరన్నారు, మార్చాను.
పద్నాలుగొందలు ఒకచోట, తొమ్మిదొందలు ఇంకోచోట.
డబ్బు పోయింది, కీచు మిగిలింది.
మా బావమరిది నిమ్మకాయ కట్టమన్నాడు.
కట్టాను. అదీ ఎండిపోయింది.

పర్లాకిమిడి బస్టాండు వెనక
గౌరాంగ మహారణ షెడ్డు.
బోర్డు ఒడియాలో, తిట్లు తెలుగులో,
లెక్కలు మాత్రం రెంటిలోనూ.
పానా ముట్టలేదు, జాకీ అడగలేదు.
చెవి వంచి, "చకా కాందుచి" అన్నాడు.
చక్రం ఏడుస్తోందట.
మా ఒడ్డున కీచుమంటోందనే అంటాం,
ఏడుపని ఎవరూ అనలేదు.
ఏడుపైతే ఎందుకని అడగాలి కదా.

అడిగాడు.
బ్రేకు తొక్కితే ఆగుతుందా? ఆగదు.
ఎడమకి తిప్పితే? పెరుగుతుంది.
వానలో?
తడుముకున్నాను. మొన్న కాశీనగరం వానలో
రెండు మైళ్ళు నోరు మూసుకుంది.
నాకే తెలీదు, ఇది నాకు తెలుసని.

డిక్కీ తెరిచి లోపల పడుకున్నాడు,
అరవై ఏళ్ళ మనిషి, స్టెప్నీ పక్కన ముడుచుకుని.
"పోనీ, మెల్లగా."
కోట గోడ దాకా వెళ్ళి తిరిగొచ్చాం.
అద్దంలో నాకు లేచిన డిక్కీ మూతే కనబడింది.
దిగి, దులుపుకుని,
స్క్రూడ్రైవరు మొనతో
వీల్ కప్పు ఒక్కటే ఊడదీసి
నా ఒళ్ళో పెట్టాడు.
"ఇప్పుడు తోలు."

తోలాను.
ఏమీ లేదు.
టైరు కింద ఇసక నలుగుతున్న చప్పుడు,
ఎవరిదో రేడియో,
నా ఊపిరి.
ఒళ్ళో వెచ్చగా ఆ స్టీలు మూకుడు,
అందులో సొట్టలు పడ్డ నా ముఖం.

క్లిప్పులు వదులయ్యాయి, అంతే.
పాత సైకిలు ట్యూబు నాలుగు ముక్కలు కోసి
కింద దోపి, అరచేత్తో కొట్టాడు. ఠప్.
ఎంతివ్వాలి?
"రబ్బరుకి డబ్బులేటి? చెవికి టీ ఇప్పించు."
ఇప్పించాను. రెండు బరాలు కూడా.

సాయంత్రం ఖాళీ బండి, మళ్ళీ వంతెన.
ముప్పై. నలభై.
అవతలి ఒడ్డు దగ్గరపడుతుంటే
కుడి ముందు నుంచి, చాలా చిన్నగా,
టిక్...
టిక్...
ఎన్నాళ్ళనుంచి ఉందో అది,
కీచు కింద మాట పెగలక.

బ్రేకు తొక్కి చూశాను. ఆగలేదు.
కిటికీ అద్దం పూర్తిగా దింపాను.