శివారు గేజి

ధవళేశ్వరంలో తలుపు ఎత్తితే
మా లాకు దగ్గర నీరు కదలడానికి
రెండు రోజులూ ఒక పూటా.
అక్విడక్టు దాటాలి, గుర్రపుడెక్క దాటాలి,
దారిలో దొంగ తూములు దాటాలి.
లస్కరు నేలపూడి ఏసోబు
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి
అట్ట ఊడిన రిజిస్టర్లో
అంగుళాలు రాసుకుంటాడు.

నా దగ్గరా రెండు నిలువు గళ్ళున్నాయి.
ఒకదాంట్లో క్వాజారు నడిబొడ్డు వెలుగు,
రెండోదాంట్లో దాన్ని తాగి
హైడ్రోజన్ పలికిన రేఖ.
వెలుగు ఉబికిన నూట పన్నెండు రోజులకు గాని
రేఖ ఉబకదు.
దాళ్వాకి విత్తు చల్లి కుప్ప నూర్చేంత కాలం.
వెలుగు అన్నాళ్ళు నడిస్తే గాని అందనంత ఎడంలో
ఆ గ్యాసు తిరుగుతోందన్నమాట.

రాజోలు కాలేజీ ల్యాబులో సోడియం గీత
సూదిమొనంత.
ఇదేమో వరదలో గట్టు తెలియని పాయంత వెడల్పు.
ఎందుకు మేడమ్, అంది వెనక బెంచీ చక్రవేణి.
తీర్థంలో రాట్నం ఎక్కి
వెయ్యిమంది ఒకే రకం బూర ఊదారనుకో.
మనవైపు వచ్చేవాడిది సన్నగా,
అవతలికి పోయేవాడిది బొంగురుగా,
ఒక్క స్వరమే చాపలా పరుచుకుంటుంది.
అక్కడ రాట్నం వేగం
సెకనుకి నాలుగు వేల కిలోమీటర్లు.
క్లాసంతా నవ్వింది.
చక్రవేణి నవ్వలేదు, రాసుకుంది.

క్లాసులో చెప్పనిది ఒకటుంది.
కొన్ని అణువులకు
తీరిగ్గా మాత్రమే పలకగల మాటలుంటాయి.
ఆ ఇరుకులో పక్కదాని మోచెయ్యి తగిలి
మాట నోట్లోనే ఆరిపోతుంది.
ఎక్కడో దూరాన, పలచగా, ఎవరూ తగలని చోట
ఆక్సిజన్ తన పచ్చగీతను
సన్నగా గీసుకుంటుంది.
మలికిపురం బస్సులో నిలబడి
నేనూ కొన్ని మింగాను.

ఎడం తెలిసింది, వేగం తెలిసింది.
రెండూ కలిపితే
నడుమనున్నదాని బరువు తేలింది:
రమారమి ముప్పై అయిదు కోట్ల సూర్యుళ్ళు.
తన లోపలినుంచి ఒక్క కిరణాన్నీ
బయటికి రానివ్వనిది.
దాని చుట్టూ మండిన ఆ వెలుగు బయల్దేరేనాటికి
ఈ డెల్టా మట్టి
ఇంకా మట్టే కాదు.

సోమవారం పొద్దున లాకు మీద అడిగాను,
ఏసోబు గారూ, ఆనకట్ట ఎలా ఉంటుంది?
"ఎప్పుడూ చూళ్ళేదండి."
గేజి రాయి మీద నాచు గోకి, అంకె చదివి,
పెన్సిలు నాలిక్కి అద్దుకున్నాడు.
"శుక్కురారం రేత్రి
ఎవరో ఓ తలుపు దించేశారండి."