వెన్ను చూపినవాడు

ఆ పొద్దు నూరు రాళ్లు లేచాయి.
రింగు వలలు ఎవరు ఎందాకా వెయ్యాలో
సముద్రం మీద గీత గీద్దామని పోయి
మనుషుల మీద గీశాం.
నూరింట్లో ఒకటి నాది.
కులపెద్దలు తేల్చలేదు, పోలీసులు తేల్చలేదు.
నా అరచేతికి మాత్రం తెలుసు:
నల్లరాయి,
ఒక పక్క నత్తగుల్ల అతుక్కుని గరుకుగా.

అవతలి వాడ ఎల్లాజీకి ఎడమకన్ను పోయింది.

"నూరు రాళ్లలో ఏ రాయని సెప్తావురా?" అన్నాడు మా అన్న.
"నువ్వు నోరు మూసుకుంటే ఊరూ మూసుకుంటాది."
ఊరు మూసుకుంది.
నాకే, రాత్రిళ్లు
డాల్ఫిన్ నోస్ మీది దీపం తిరిగి తిరిగి
నా ముఖం మీదికొచ్చి ఆగినట్టుండేది.
ఆగదని తెలుసు. అది ఓడల కోసం.
అయినా గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

పదకొండో రోజు కంటాసుపత్రికి వెళ్లాను.
ఆరు కమలాలు కొన్నాను,
లంచంలా కనిపిస్తాయేమోనని
మూడు వెనక్కిచ్చేశాను.
"ఆ రాయి నాదే" అన్నాను.
ఆయన భార్య పోలమ్మ
మూడింటినీ కిటికీలోంచి విసిరికొట్టింది.
ఎల్లాజీ చాలాసేపు కంటికట్టు సర్దుకున్నాడు.
చివరికి అడిగాడు:
"నీకు తెడ్డెయ్యడం బాగా వొచ్చునా?"

క్షమాపణ కోసం వెళ్లాను నేను.
ఆయన పని ఇచ్చాడు.

అప్పట్నించీ మూడున్నరకి లేస్తాను.
మా వాడ దాటి, జెట్టీ లైట్లు దాటి
వాళ్ల ఇసుకలో అడుగు పెడతాను.
మొదటి నెల కుక్కలు కూడా ఒప్పుకోలేదు.
పోలమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు.
టీ ఆయనకొక్కడికే పోస్తుంది.
అదీ న్యాయమే.

తెప్ప మీద ముందు ఆయన, వెనక నేను.
"ఎడంపక్క నాకు కానరాదు.
కెరటం అటునించొస్తే నువ్వే సెప్పాల."
అంతే. ఇంకేమీ అనలేదు, ఆ రోజూ, ఈ రోజూ.
రేవు దాటుతుంటే మూడు కొండలకీ,
దర్గాకి, చర్చికి, వెంకన్నకి,
కలిపి ఒకటే దణ్ణం పెడతాడు.
"మునిగినోడికి ఏ గట్టయితేనేటి?"

వెన్ను చూపడం పిరికితనమని
మా తాత మాకు మీసాలు రాకముందే నేర్పాడు.
ఇక్కడ నా చేతిలో తెడ్డు, బరువైన కర్ర.
నా ఎదురుగా ఆయన వీపు:
తాయెత్తు తాడు, ఉప్పు చారలు,
లెక్కపెట్టుకోగలిగినన్ని ఎముకలు.
ఒడ్డు కనిపించనంత దూరంలో,
చీకట్లో, తన కన్ను తీసినవాడికి
రోజూ ఆ వీపు అప్పగించి కూర్చుంటాడు.
ఒక్కసారీ తల తిప్పి చూడలేదు.
కత్తులు పట్టినవాళ్లని చాలామందిని చూశాను.
వాళ్లెవరిలోనూ ఇంత గుండె చూడలేదు.

కవళ్లు పడ్డ రోజు పంచుకుంటాం.
పడని రోజు తడిగుడ్డలు పిండుకుంటాం.
ప్రేమంటే ఏమిటో నాకు చెప్పడం రాదు.
కెరటం వస్తుందని చెప్పడం వచ్చు.

మొన్న మళ్లీ వలల గొడవ.
మావాళ్లు రాళ్లు ఏరుతున్నారు,
చిన్నగుంటలు గంపల్లో మోస్తున్నారు.
"నూకరాజూ, ఇటొస్తావా, వెన్ను సూపిస్తావా?"
చూపించాను.
నడిచివెళ్లి అవతలివాళ్ల తెప్పల ముందు నిలబడి
మావాళ్లవైపు తిరిగాను.
నా వెన్ను అవతలి వాడకి.
కాళ్లు వణికాయి, దాచను.
వీపు చల్లబడిపోయింది,
అక్కడ ఏ చెయ్యి లేచిందో కనపడదు కదా.
ఎల్లాజీ రోజూ కూర్చునే చోటు ఇదేనని
అప్పుడు తెలిసింది.

రాయి వచ్చింది. ఒకటే.
భుజానికి తగిలింది.
ముందునించి వచ్చిందో వెనకనించి వచ్చిందో
అడిగినవాళ్లెవరికీ చెప్పలేదు.
ఆ తర్వాత గంప మోస్తున్న గుంటడొకడు
రాళ్లు ఇసుకలో దిమ్మరించి
ఖాళీగంప నెత్తిన బోర్లించుకుని ఇంటికి పోయాడు.
గొడవ తీరిందని చెప్పను. తీరలేదు.

తెల్లారుజామున ఎల్లాజీ
భుజం మీది బొప్పిని వేళ్లతో నొక్కి చూశాడు.
"తెడ్డెయ్యగలవా?"
"వేస్తాను."
వెళ్లి ముందు కూర్చున్నాడు,
వీపు ఇటు పెట్టి.

"ఎడంపక్క," అన్నాను,
"పెద్దదే వస్తోంది."