పన్నెండో వైరు

నా పని జెండా పట్టుడు.
పత్తిచేను ఆ కొసన
వెదురు బొంగుకు తెల్లగుడ్డ కట్టి నిలబడితె
గాలిమోటరు దాన్ని చూసి సక్కగ నా మీదికే వచ్చేది,
నెత్తి మీదికెళ్లి లేచి మళ్లేది.
నేను పదహారు అడుగులు జరిగి మళ్ల నిలబడాలె.
అది ఒక సాలు.
రోజుకు ఆరు రూపాయలు, ఒక సబ్బుబిళ్ల.

పచ్చపురుగు పడ్డ యేడు అది.
కాయకు కాయ తొలిచి
చలివాగు ఈవలి ఊర్లన్నీ పిప్పి చేసినంక
మందు కొట్టెటందుకు పరకాల దిక్కు గాలిమోటరును తోలిన్రు.
బడి పక్క బీడుల దిగింది.
పిల్లల కంటె ముందుగాల ముసలోళ్లు ఉరికిన్రు.

నడిపేటాయన పేరు కుర్యన్.
తెలుగు రాదు, వేళ్లతోనే మాట్లాడేది.
దిగిన పొద్దే సైకిలు వెనుక నన్ను కూసోబెట్టుకొని
చేన్లన్నీ తిరిగిండు.
స్తంభం కనవడ్డకాడల్ల దిగి,
వైరు ఎటు పోతున్నదో మెడ ఎత్తి చూసి
నా చేతికి ఒక ఎర్రగుడ్డ పీలిక ఇచ్చేది.
కరెంటు పోయిన యాళ్ల చూసి, నిచ్చెనేసి, నేను కట్టేది.
పదకొండు వైర్లు. పదకొండు పీలికలు.
కాగితం మీద పదకొండు గీతలు గీసి
కింద నా బొటనవేలు ముద్ర ఏయించుకున్నడు,
నవ్వుకుంట.

మూడో పొద్దు.
మంచు ఇంకా వాగు మీదనే ఉన్నది.
ఎనిమిదో సాలు, తొమ్మిదో సాలు.
మందు వాసన గొంతుల కూసున్నది.
పదో సాలుకు బాయి దిక్కు జరిగి నిలబడ్డ.
వస్తున్నది. అద్దం ఎనుక ఆయన తెల్లటోపి.
అంతల గాలిల ఒక గీత మెరిసింది,
సాలెపురుగు దారమంత.
జెండా ఊపిన్నో, పడేసిన్నో,
ఇప్పటిదాంక నాకు ఎరుక లేదు.
రెక్క ఒకటి పత్తి దాటి కందిల పడ్డది.
అన్ని చప్పుళ్లు ఆగినంక
పీపాల నుంచి మందు కారుతున్న చప్పుడొక్కటే
చానసేపు.

ఐదొద్దులకు ఢిల్లీ నుంచి ముగ్గురు వచ్చిన్రు.
టేపు పట్టి నేల కొలిచిన్రు,
తునకలకు నంబర్లు రాసిన్రు,
పత్తిచెట్ల నడుమ సున్నంతోని గీతలు పోసిన్రు.
తునకలు మోసెటందుకు మా వాడకు మూడు రోజులు కైకిలి దొరికింది.
అండ్ల పట్వర్ధన్ అనేటాయన
భూతద్దం పెట్టి రెక్క అంచును చూసి చూసి
సన్నటి సిల్వర్ పోగు ఒకటి చిమటాతోని తీసి
అగ్గిపెట్టెల ఏసుకున్నడు.

గుడ్డలు ఎన్ని కట్టినవ్?
పదకొండు సారు.
వైర్లు ఎన్ని?

గుంపుల మా బావమరిది మొగిలి
చెప్పు కొనతోని మట్టి గీకుతున్నడు.
రాత్రిపూట వచ్చే కరెంటు కోసం
బాయికాడి మోటరుకు వాడు కొక్కెం తగిలించిన సంగతి
గాలిమోటరు పడ్డనాడు నాకు తెల్వదు.
అడిగిన్నాడు తెలుసు.
ముందటి రాత్రే గడ్డివాము కింద
చుట్ట చుట్టిన వైరు నా కాలుకు తగిలింది.

పదకొండే, అన్న.
ఆయన రాసుకోలేదు.
కలానికి మూత పెట్టి నా దిక్కు చూసిండు,
పురుగు తిన్న చేను దిక్కు చూసినట్టు.

పోయే పొద్దు మెకానిక్ ఫెర్నాండెజ్ నన్ను పిలిచిండు.
కుర్యన్ సారు పుస్తకంల నా పేరు ఉన్నదట,
ఎదురుంగ బాకీ అని రాసి ఉన్నదట.
ఆరు రూపాయలు చేతుల పెట్టిండు.
సబ్బుబిళ్ల కూడ.

ఎనిమిది నెలలకు పంచాయతికి కాగితం వచ్చింది.
పోస్టుమాస్టరు విఠలయ్య చదివి చెప్పిండు:
నడిపేటాయన వైరును గమనించలేదు.
వైరు ఎవరిది అన్నకాడ
తేలలేదని ఒక ముక్క.

ఆ యేడు వానలు పడకముందే
మొగిలి మా వాకిట్ల దండెం కట్టిండు.
సిల్వర్ వైరు, తుప్పు పట్టదు, అక్కకు పనికొస్తదన్నడు.
నేను ఏమనలే.

మా ఆమె దాని మీద ఎర్రచీర ఆరేసినప్పుడల్ల
నోట్లనే లెక్కపెడుత.
పన్నెండు.